గెస్ట్‌హౌస్ దయ్యం ఏ రైల్లో వచ్చింది?



పోయిన నెల మన గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. కాడుగోడిలో ఒక గెస్ట్‌హౌస్‌లో రాత్రి పన్నెండు దాటాక, ఎవరూ లేని మేడమీద అడుగుల చప్పుడు వినిపిస్తోందట. మేమూ విన్నాం. అబద్ధమెందుకు, కొంచెం భయపడ్డాం కూడా. ఆ మెసేజ్ విని, అక్కడ గదులు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళు పని మానేశారని తర్వాత తెలిసింది. అందుకే ఈ గెస్ట్‌హౌస్ దయ్యాల చరిత్ర నాలుగు ముక్కలు రాద్దామనిపించింది.

మేము బళ్ళో చదివింది అరవం. తెలుగు కూడబలుక్కుని చదవడం అలవాటైంది అద్దె నవలలతోనే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధరే మాకు వాచకం. తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ వచ్చి రాత్రి దీపం ఆర్పనివ్వలేదు. మన కన్నడ స్నేహితులకూ ఆ కథ తెలుసు, 1985లో ‘తులసిదళ’ అని సినిమాగా వచ్చింది. అందులో భయం సొంత ఇంట్లోకే వస్తుంది. కానీ పాత దయ్యం కథలు చాలావాటికి ఊరుకాని ఊళ్ళో బస కావాలి. డాక్ బంగళానో, సత్రమో, గెస్ట్‌హౌసో. ఎందుకంటే సొంత ఇంట్లో ఏ తలుపు కిర్రుమంటుందో, ఎలుక ఏ మూల తిరుగుతుందో మనకు తెలుసు. బసలో తెలియదు. తెలిసినవాడు కాపలాదారు ఒక్కడే. ఆయన చెప్పిందే చరిత్ర.

రుడ్యార్డ్ కిప్లింగ్ 1888లో ‘మై ఓన్ ట్రూ ఘోస్ట్ స్టోరీ’ అని ఒక కథ రాశాడు. ఒక ప్రయాణికుడు పాత డాక్ బంగళాలో దిగుతాడు. రాత్రి పక్క గదిలో బిలియర్డ్స్ ఆడుతున్న చప్పుడు. ఆ గదిలో బిలియర్డ్స్ బల్ల పట్టే చోటే లేదు! తెల్లారి ఖాన్సామాను అడిగితే చెబుతాడు: రైలు దారి వేసిన దొరలు ఒకప్పుడు ఇక్కడ ఉండేవారు, మూడు గదులూ కలిపి అప్పుడు బిలియర్డ్స్ గది, ఒక లావుపాటి దొర ఆ బల్ల దగ్గరే ప్రాణం వదిలాడు. ఇంకేం, దయ్యం సిద్ధం. చివరికి తేలిందేమిటి? పైకప్పు గుడ్డ మీద పరుగెత్తే ఎలుక, గాలికి కొట్టుకునే కిటికీ గడియ. మంచి దయ్యం చేజారిందని కథ చెప్పినాయనకే దిగులు.

ఠాగూర్ 1895లో ‘క్షుధిత పాషాణ్’ రాశారు. పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి ఒకడు ఖాళీ రాజభవనంలో ఒంటరిగా బస చేస్తాడు. రాత్రిళ్ళు పాత అంతఃపురం మళ్ళీ మేలుకుంటుంది. ఠాగూర్ పదిహేడేళ్ళ వయసులో అహమదాబాద్ షాహీబాగ్ భవనంలో అన్నగారి దగ్గర ఉన్నప్పటి జ్ఞాపకమే దానికి మూలం. మాకు నచ్చింది ఆ కథ చెప్పే చోటు. జంక్షన్ స్టేషన్, రావాల్సిన బండి లేటు. అసలు గుట్టు విప్పేలోపు బండి వచ్చేస్తుంది, చెప్పేవాడు ఎక్కి వెళ్ళిపోతాడు. అది నిజమా, కల్పనా అని విన్న ఇద్దరికీ పోట్లాట మిగులుతుంది. స్టేషన్లలో పనిచేసినవాళ్ళం, లేటు బండి ఎన్ని కథలు పుట్టిస్తుందో మాకు తెలుసు.

ఇవి పుస్తకాల్లో దయ్యాలు. చదివి మూసేస్తే పోతాయి. పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బేగున్‌కోదర్ స్టేషన్‌కు పట్టిన దయ్యం మాత్రం పోలేదు. ఆ స్టేషన్ 1960లో తెరిచారు. 1967లో స్టేషన్ మాస్టరు తెల్లచీర కట్టిన ఆడదయ్యాన్ని చూశాడని పుకారు పుట్టింది. సిబ్బంది అక్కడ ఉండమన్నారు. బళ్ళు ఆగడం మానేశాయి. మళ్ళీ ఆగింది 2009లో. ఒక్క మాటకు ఆ ఊరి జనం 42 ఏళ్ళు బండి లేకుండా ఉన్నారు.

మన పక్కనే చూడండి. 1882లో మైసూరు మహారాజా పదో చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల కోసం 3,900 ఎకరాలు ఇస్తే వైట్‌ఫీల్డ్ వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ళలో చాలామంది విదేశాలకు వెళ్ళిపోయారు. తాళం పడిన బంగళాకు ముందు దుమ్ము పడుతుంది, తర్వాత దయ్యం పేరు పడుతుంది. అందులో బతికినవాళ్ళ అసలు పేర్లు ఎవరికీ గుర్తుండవు.

మొన్న ఆదివారం మేమూ, ఇంకో ఇద్దరు సభ్యులూ ఆ గెస్ట్‌హౌస్‌కు వెళ్ళాం. నీళ్ళ మోటారు ఆగినప్పుడల్లా మేడమీద పైపు గోడకు కొట్టుకుంటోంది. అచ్చం అడుగుల చప్పుడే. ప్లంబరు అరగంటలో బిగించేశాడు. పనిమనుషుల్లో ఒకామె తిరిగి వచ్చింది. రెండో ఆమెను ఇంట్లోవాళ్ళు పంపనన్నారు.

దయ్యం నవలలు తప్పకుండా చదవండి, మేమూ చదువుతాం. ఫలానా ఇల్లు అని చెప్పి మెసేజ్ పంపేముందు మాత్రం పగటిపూట ఒకసారి వెళ్ళి చూడండి. ఆ రెండో అమ్మకు మన సభ్యుల ఇళ్ళలో ఎక్కడైనా పని దొరుకుతుందంటే మాకు ఒక మాట చెప్పండి.