మార్పులు చేసిన ల్యాన్సర్ ఎవల్యూషన్: ఇంటి నిర్వహణ, ట్యూనింగ్

ల్యాన్సర్ ఎవల్యూషన్ జపాన్‌కు చెందిన మిత్సుబిషి సంస్థ 1992 నుంచి 2016 వరకు పది తరాలుగా తయారుచేసిన స్పోర్ట్స్ సెడాన్. టర్బోచార్జర్ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలనూ తిప్పే డ్రైవ్ దీని ముఖ్య లక్షణాలు. వాడుకలో దీన్ని 'ఎవో' అంటారు. మొదటి తొమ్మిది తరాలకూ 4జీ63టీ అనే 1,997 సీసీ ఇంజన్ అమర్చారు. దాని బ్లాక్ పోత ఇనుముతో చేసింది. పదో తరంలో అల్యూమినియం బ్లాక్ ఉన్న 4బీ11టీ వచ్చింది. యజమానులు ఇంటి గ్యారేజీలోనే భాగాలు మార్చి, ఇంజన్ కంప్యూటర్ మ్యాప్ (పెట్రోలు, టైమింగ్ విలువల పట్టిక) సవరించి పవర్ పెంచుకునే జపాన్ కార్లలో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా, సుబారు ఇంప్రెజాలతో పాటు దీని పేరూ వినిపిస్తుంది. నిర్వహణ వేరు, ట్యూనింగ్ వేరు అని చాలామంది అనుకుంటారు. మొదటిది మెకానిక్ పని, రెండోది నిపుణుడి విద్య అని వారి భావన. ఎవో విషయంలో ఈ విభజన నిలవదు. కంపెనీ ఇంజన్‌లో వదిలిపెట్టిన భద్రతా మార్జిన్‌ను వాడుకోవడమే ట్యూనింగ్. ఆ మార్జిన్ ఇంకా ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు కొలుచుకోవడమే నిర్వహణ. కాబట్టి నిర్వహణ చేయనివారికి ట్యూనింగ్ చేసే అర్హత లేదు.

మార్జిన్ ఎక్కడి నుంచి వచ్చింది

ఎవో పుట్టుకకు కారణం ర్యాలీ పోటీలు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో గ్రూప్-ఏ నిబంధనల ప్రకారం, పోటీకి దించే కారును కనీసం 2,500 తయారుచేసి మామూలు కొనుగోలుదారులకు అమ్మాలి. దాంతో అడవి దారుల్లో పరుగులు తీసే కారుకు కావలసిన గట్టి బ్లాక్, పెద్ద ఇంటర్‌కూలర్, బలమైన ట్రాన్స్‌మిషన్ రోడ్డు మీద తిరిగే కారుకూ దక్కాయి. ఫిన్లాండ్ డ్రైవర్ టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది ఈ కార్లతోనే. మరోవైపు జపాన్ కార్ల కంపెనీలు 1989 నుంచి 2004 దాకా ఒక ఒడంబడిక పాటించాయి. దేశంలో అమ్మే ఏ కారుకూ 280 పీఎస్‌కు (మెట్రిక్ గుర్రపు శక్తికి) మించి పవర్ ప్రకటించకూడదన్నది దాని సారాంశం. నాలుగో తరం నుంచి తొమ్మిదో తరం దాకా ఎవో కాగితం మీద 280 పీఎస్ దగ్గరే ఆగిపోయింది. టార్క్ మాత్రం ఆగలేదు. నాలుగో తరంలో 353 న్యూటన్ మీటర్లు ఉన్నది, తొమ్మిదో తరం జీఎస్ఆర్ నాటికి 400కు చేరింది. పవర్ అంకె కదలకుండా టార్క్ ఇలా పెరగడమే, ఇంజన్ శక్తి ప్రకటించిన అంకెతో అయిపోలేదనడానికి సాక్ష్యం.

'ఈ ఇంజన్‌ను ఎంత లాగినా తట్టుకుంటుంది' అన్న పేరు ఇక్కడే మొదలైంది. అందులో సగం నిజం ఉంది. బ్లాక్ తట్టుకుంటుంది. దానికి ఆయిల్ పంపే పంపు, వాల్వులను నడిపే బెల్టు, సిలిండర్ హెడ్ కింద ఉండే గాస్కెట్, పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు కూడా అంతే తట్టుకుంటాయన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. పైగా బ్రిటన్‌లో అమ్మిన ఎవోలకు, ఏ మార్పూ చేయకముందే, 4,500 మైళ్లకు, అంటే సుమారు 7,200 కిలోమీటర్లకు ఒకసారి సర్వీసింగ్ చేయించాలని నిర్దేశించారు. మామూలు కుటుంబపు కార్లు అంతకు రెండింతలు తిరిగాకగానీ గ్యారేజీ ముఖం చూసేవి కావు. గట్టి ఇంజన్‌కు తక్కువ సేవ చాలుననుకోవడం తయారీదారు అభిప్రాయానికే విరుద్ధం.

వేడి, పీడనం, నాకింగ్

బూస్ట్, అంటే టర్బో అదనంగా ఇచ్చే గాలి పీడనం, పెంచితే ఏమవుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. టర్బో ఒక బార్ బూస్ట్ ఇస్తే ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం బయటి గాలికి రెట్టింపు అవుతుంది. అలా నొక్కిన గాలి వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీలుండి, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అయితే టర్బో నుంచి వచ్చే గాలి దాదాపు 125 డిగ్రీలకు చేరుతుంది. ఎవోలు ఎన్నో తిరిగే అమెరికాలో, ఫీనిక్స్ నగరపు 45 డిగ్రీల ఎండలో, అదే లెక్క 145 దగ్గర తేలుతుంది. ఇంటర్‌కూలర్ ఇందులో చాలా భాగం తగ్గిస్తుంది కానీ, బయటి గాలి కంటే చల్లగా మాత్రం చేయలేదు. వేడి గాలి, ఎక్కువ పీడనం కలిసినప్పుడు సిలిండర్‌లో మంట ఇంకా చేరని మూలల్లోని మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడానికి, హెడ్ గాస్కెట్ పోవడానికి, బేరింగులు దెబ్బతినడానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి.

నాకింగ్‌ను అడ్డుకునే శక్తికి కొలమానం పెట్రోలు ఆక్టేన్ సంఖ్య. జపాన్ బంకుల్లో దొరికే ప్రీమియం పెట్రోలు 100 ఆక్టేన్ దరిదాపుల్లో ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా బంకుల మీద కనిపించే 91 వేరే పద్ధతిలో కొలిచిన అంకె. జపాన్ లెక్కకు మారిస్తే అది 95, 96 మధ్య వస్తుంది. అందుకే జపాన్ పెట్రోలుకు రాసిన మ్యాప్‌ను ఉన్నదున్నట్టు మరో దేశంలో వాడితే, కారులో ఒక్క బోల్టు మార్చకపోయినా మార్జిన్ తగ్గిపోతుంది. మార్జిన్ కారులో శాశ్వతంగా ఉండే ఆస్తి కాదు. ఇంధనం, వాతావరణం, భాగాల అరుగుదలతో రోజురోజుకూ మారే విలువ అది.

కొలిచే క్రమం

ఇంటి దగ్గర ఎవోను చేపట్టేవారు కంప్యూటర్ జోలికి వెళ్లేముందు ఇంజన్ ఆరోగ్యం తేల్చుకోవాలి. మొదటిది కంప్రెషన్ పరీక్ష. నాలుగు సిలిండర్లలోనూ వచ్చే అంకె ఎంతన్నది ఒక ఎత్తు, ఆ నాలుగూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది మరో ఎత్తు. ఒకటి మిగిలినవాటి కంటే బాగా తగ్గితే, లీక్‌డౌన్ పరీక్షతో గాలి ఎటు పోతోందో కనిపెట్టాలి. టర్బో వైపు నుంచి చప్పుడు వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. రెండోది టైమింగ్ బెల్టు. 4జీ63టీలో అది తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొంటాయి. ఈ ఇంజన్‌కు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉంది. కంపనం తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల్లో ఒకదాన్ని తిప్పడానికి లోపల మరో చిన్న బెల్టు ఉంటుంది. అది తెగి ముక్కలు పెద్ద బెల్టు కింద చిక్కుకుంటే ఫలితం అదే. అందువల్ల బెల్టు మార్చేటప్పుడు రెండింటినీ, వాటితో పాటు టెన్షనర్‌నూ మార్చడం తప్పనిసరి.

మూడోది బూస్ట్ లీకు. టర్బో మూతికి బిరడా పెట్టి, కంప్రెసర్‌తో గాలి నింపి, గొట్టాల అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే లీకు ఎక్కడుందో బుడగలు చూపిస్తాయి. ఖర్చు తక్కువైన ఈ పరీక్ష ట్యూనింగ్‌కు ప్రాణాధారం. ఎందుకంటే ఎవో కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని ముందే కొలిచి, దానికి తగ్గ పెట్రోలు లెక్కగడుతుంది. కొలిచిన తర్వాత గాలి బయటికి పోతే లోపల పెట్రోలు ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ లోపలి పీడనం బయటికంటే తక్కువ కాబట్టి, థ్రాటిల్ తర్వాతి చీలికలోంచి కొలతకు అందని గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది. ఈ లోపాన్ని గొట్టం క్లిప్పు బిగించి సరిచేయాలి. మ్యాప్‌లో పెట్రోలు తగ్గించి సరిచేస్తే, క్లిప్పు తర్వాత ఎవరైనా బిగించిన రోజున ఇంజన్ ప్రమాదంలో పడుతుంది. మెకానికల్ లోపాన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పిపుచ్చడం ఇంటి ట్యూనింగ్‌లో తరచుగా కనిపించే తప్పు.

ఇవన్నీ తేలాక లాగింగ్ మొదలవుతుంది. కారు నడుస్తుండగా బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్, గాలి ఉష్ణోగ్రత, గాలి-పెట్రోలు నిష్పత్తి, ఇంజెక్టర్ తెరిచి ఉన్న కాలం, ఎవో అభిమానులు 'నాక్ సమ్' అని పిలిచే నాకింగ్ అంకె లాప్‌టాప్‌లో నమోదవుతాయి. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. బూస్ట్‌లో ఉన్నప్పుడు మంట చల్లబడటం కోసం ఈ నిష్పత్తిని 11, 12 దగ్గరికి దింపుతారు. కారుతో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ 14.7కు అటా ఇటా అన్నది మాత్రమే నమ్మకంగా చెప్పగలదు. 11.5కూ 12.5కూ తేడా చెప్పాలంటే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉండాలి. అది లేని ట్యూనింగ్ గుడ్డిగా చేసే పని. ఇంజెక్టర్ లెక్క మరీ సులభం. 7,000 ఆర్‌పీఎం వద్ద ఒక పూర్తి చక్రానికి 17.1 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజెక్టర్ అందులో 14.5 మిల్లీసెకన్లు తెరిచే ఉంటే 85 శాతం వాడకంలో ఉన్నట్టు. అక్కడికి చేరాక బూస్ట్ పెంచే ఆలోచన మాని పెద్ద ఇంజెక్టర్ల సంగతి చూడాలి. 85 శాతం ఇథనాల్ కలిసిన ఈ85 ఇంధనం నాకింగ్‌ను బాగా అణచుతుంది. అయితే దాని నిష్పత్తి 9.8 కాబట్టి అదే గాలికి బరువు లెక్కన ఒకటిన్నర రెట్లు ఇంధనం కావాలి. మార్జిన్ ఒకచోట పెరిగితే మరోచోట తరుగుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నాక్ సమ్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. బ్లాక్‌కు బిగించిన సెన్సర్ పేలుడు ధ్వనిని వింటుంది. 85 మిల్లీమీటర్ల బోర్ ఉన్న ఈ ఇంజన్‌లో ఆ ధ్వని దాదాపు 6.7 కిలోహెర్ట్జ్ వద్ద ఉంటుంది. అరిగిన హైడ్రాలిక్ లిఫ్టర్ల టకటక, గట్టి ఇంజన్ మౌంటుల మోత, వదులైన బ్రాకెట్ కూడా అదే సెన్సర్‌కు వినిపిస్తాయి. అంకె పెరిగినప్పుడు అది నిజమైన నాకింగా, కేవలం చప్పుడా అని తేల్చేది మళ్లీ మెకానిక్ పనే. ఇగ్నిషన్ టైమింగ్ రెండు డిగ్రీలు తగ్గిస్తే అంకె పడిపోయిందా, అది నాకింగే కావచ్చు. ఏ మార్పూ లేదంటే స్పానర్ తీసుకోవాలి.

అభ్యంతరాలు

ఈ వాదనకు వినిపించే మొదటి అభ్యంతరం, ఆధునిక కంప్యూటర్ తనను తాను సరిదిద్దుకుంటుంది కదా అని. నిజమే, నాకింగ్ వినిపిస్తే అది టైమింగ్ వెనక్కి లాగుతుంది. నెమ్మదిగా నడిపేటప్పుడు పెట్రోలు సవరించుకుంటుంది. కానీ టైమింగ్ వెనక్కి లాగేది నాకింగ్ జరిగాకే, జరగకముందు కాదు. పైగా ఆ సవరణ లోపాన్ని డ్రైవరుకు కనిపించకుండా దాస్తుంది. పికప్ కొంచెం తగ్గిందనిపిస్తుందే తప్ప కారణం తెలియదు. లాగ్ చూసేవారికి మాత్రమే కంప్యూటర్ ఎంత కష్టపడుతోందో అర్థమవుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ట్యూనింగ్‌ను డైనో (కారును నిలిపి పవర్ కొలిచే రోలర్ యంత్రం) ఉన్న నిపుణుడికే వదిలేయాలి, ఇంట్లో చేయకూడదు అంటారు. పూర్తి బూస్ట్‌లో మ్యాప్ రాయడానికి డైనోయే సరైన చోటు. రద్దీ రోడ్డు మీద ఆ పని చేయడం నేరంతో సమానం. అయినా డైనో మీద కారు గడిపేది కొన్ని గంటలే, ఒకే వాతావరణంలో, ఒకే ట్యాంకు పెట్రోలుతో. ఎండాకాలపు మధ్యాహ్నం, ఘాట్ రోడ్డు ఎక్కుడు, వేరే బంకు పెట్రోలు, ఏడాది గడిచాక అరిగిన ప్లగ్గులు డైనో చూడదు. నిపుణుడు ఇచ్చిన మ్యాప్ ఏ పరిస్థితికి రాశాడో ఆ పరిస్థితి ఇంకా ఉందో లేదో చూసుకునే బాధ్యత యజమానిదే. ఇంటి ట్యూనింగ్‌కు సరైన హద్దు కూడా ఇదే: సెన్సర్ లెక్కలు సరిచేయడం, ఐడ్లింగ్, నెమ్మది ప్రయాణం చక్కదిద్దడం, ఒకసారికి ఒకే మార్పు చేసి ముందు వెనుకల లాగ్‌లు పోల్చడం, మంచి మ్యాప్‌ను ఎప్పుడూ విడిగా భద్రపరచడం.

మూడోది, ఇన్ని కొలతల కంటే బలమైన పిస్టన్లు, రాడ్లు వేసుకుంటే సరిపోతుందన్న మాట. ఫోర్జ్‌డ్ భాగాలు నాకింగ్‌ను ఎక్కువసేపు భరిస్తాయి, దాన్ని ఆపవు. పైగా ఇలాంటి పిస్టన్లు చాలావరకు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి కాబట్టి సిలిండర్‌లో కొంచెం వదులుగా అమర్చాలి. చల్లగా ఉన్నప్పుడు చప్పుడు చేస్తాయి. కొలతల అవసరం దీనివల్ల తగ్గదు, పెరుగుతుంది.

ఇంజన్ దాటి

ఈ సూత్రం ఇంజన్‌తో ఆగదు. డాట్-4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. పవర్ పెరిగిన కారు అదే రోడ్డు మీద ఎక్కువ వేగం నుంచి ఆగాలి కాబట్టి బ్రేకులు ఎక్కువ వేడెక్కుతాయి. ఏటా ఆ ఆయిల్ మార్చడం గుర్రపు శక్తి పెంచే ఏ భాగం కంటే ముందు చేయవలసిన పని. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, వెనుక డిఫరెన్షియల్ మూడింటికీ వేర్వేరు ఆయిల్ ఉంటుంది. నాలుగు చక్రాల డ్రైవ్ కారులో వీటిలో ఏ ఒక్కదాన్నీ మరవకూడదు. కారు కిందికి దూరేముందు స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి పడుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

చట్టం కూడా ఒక హద్దు. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆపై ప్రతి రెండేళ్లకు 'షాకెన్' తనిఖీ ఉంటుంది. కాలిఫోర్నియాలో పొగకు సంబంధించిన భాగాలు మార్చాలంటే రాష్ట్ర వాయు వనరుల బోర్డు అనుమతి సంఖ్య కావాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అందువల్ల ఇక్కడి యజమాని మొగ్గవలసింది పవర్ పెంచే వైపు కాదు, ఉన్న పవర్‌ను ఆరోగ్యంగా నిలిపే వైపు. కంప్రెషన్ అంకెలు, ఆయిల్ మార్చిన తేదీ, చివరి లాగ్ ఫైలు రాసిపెట్టుకోని యజమాని బూస్ట్ కంట్రోలర్ కొనకూడదు. ముందు ఆ నోటుపుస్తకం మొదలుపెట్టాలి.