దాల్చా

దాల్చా పప్పు, మాంసం, సొరకాయ కలిపి, చింతపండు పులుపుతో కాచే ఒక పులుసు. ఇది చారు కంటె చిక్కగాను, ముద్దపప్పు కంటె పలుచగాను ఉంటుంది. హైదరాబాదు, వరంగల్లు మొదలైన తెలంగాణ పట్టణాలలో పెండ్లి విందులలో దీనిని బగారా అన్నంతో వడ్డిస్తారు. ఇండ్లలో మామూలు అన్నంతోను, రొట్టెతోను తింటారు. కొద్దిపాటి మాంసంతో ఎక్కువమందికి బలమైన ఆహారం పెట్టగలగడం ఈ వంటకం ముఖ్య లక్షణం.

పేరు, నేపథ్యం

ఉర్దూ, హిందీ భాషలలో "దాల్" అనగా పప్పు. చీల్చుట అనే అర్థం గల సంస్కృత ధాతువు నుండి ఈ మాట వచ్చింది. గింజను బద్దలుగా చీల్చితేనే పప్పు అవుతుంది కనుక ఈ పేరు తగినదే. దాల్చాతో జతగా వడ్డించే బగారా అన్నం పేరులోని "బగారా" అనే మాటకు పోపు పెట్టినది అని అర్థం.

దాల్చా హైదరాబాదీ వంటలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది. ఆసఫ్ జాహీల పాలనలో హైదరాబాదు సంస్థానంలోని సుబాలలో వరంగల్లు ఒకటి. 1948 వరకు సాగిన ఆ పాలనలో ఉర్దూ మాటలతో పాటు వంటకాల పేర్లు కూడా ఇక్కడి తెలుగులో కలిసిపోయాయి. నేడు మట్టెవాడ వంటి వరంగల్లు పాతపేటలలో "దావత్" అన్నా, "బగార" అన్నా, "దాల్చా" అన్నా మతభేదం లేకుండా అందరికీ అర్థమవుతుంది. మాంసం తినని వారి కొరకు సొరకాయతో మాత్రమే దాల్చా చేయడం కూడా ఇక్కడ పరిపాటి.

మలేషియాలోని భారత సంతతి ముస్లింల వంటలలో కూడా దాల్చా ఉంది. పప్పు, కూరగాయలు, కొన్నిసార్లు మాంసం ఎముకలు వేసి వండి, అన్నంతో వడ్డిస్తారు.

కావలసిన పదార్థాలు

ఈ కొలతలు ఆరుగురికి సరిపోతాయి.

* ఎముకతో కూడిన మేక లేదా గొర్రె మాంసం - 300 గ్రాములు
* శనగపప్పు - 100 గ్రాములు
* కందిపప్పు - 100 గ్రాములు
* లేత సొరకాయ (ఆనపకాయ) - 500 గ్రాములు
* ఉల్లిపాయలు - 2, టమాటాలు - 2
* అల్లం వెల్లుల్లి ముద్ద - 2 చెంచాలు
* చింతపండు - నిమ్మకాయంత
* కారం - ఒకటిన్నర చెంచా, పసుపు - అర చెంచా
* దాల్చినచెక్క, లవంగాలు, ఏలకులు, షాజీరా - కొద్దికొద్దిగా
* పోపునకు జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు
* కొత్తిమీర, పుదీనా
* నూనె - 3 పెద్ద చెంచాలు
* ఉప్పు - తగినంత

తయారీ విధానం

# శనగపప్పును ఒక గంటసేపు నానబెట్టాలి. తరువాత కందిపప్పుతో కలిపి, పసుపు వేసి మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదపాలి. శనగపప్పు కొంత పలుకుగా మిగిలినా రుచికి లోపం లేదు.
# మందమైన గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె కాచి, మసాలా దినుసులు, తరిగిన ఉల్లిపాయలు వేసి ఎర్రగా వేయించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేవరకు ఉంచి, మాంసం, కారం, ఉప్పు వేసి కలపాలి.
# మాంసంలోని నీరు ఇగిరిన తరువాత టమాటా ముక్కలు, లీటరు నీరు పోసి మాంసం మెత్తబడేవరకు ఉడికించాలి. ఎముకలలోని సారం నీటిలోకి దిగడం వలన పులుసుకు చిక్కదనం వస్తుంది.
# సొరకాయను పెద్ద ముక్కలుగా కోసి ఇందులో వేయాలి. ముక్క చెదరకుండా ఉడికిన తరువాత మెదిపిన పప్పు కలపాలి.
# చివరగా చింతపండు రసం పోసి, సన్నని సెగపై పది, పదిహేను నిమిషాలు మరగనివ్వాలి.
# మిగిలిన నూనెలో పోపు పెట్టి, కొత్తిమీర, పుదీనా చల్లి దించాలి.

చింతపండు రసాన్ని చివరనే పోయడానికి కారణం ఉంది. పులుపు తగిలిన పప్పు, కూరగాయలు త్వరగా మెత్తబడవు. ముందే పులుపు పోస్తే ఎంతసేపు ఉడికించినా పప్పు బద్దలుగానే మిగిలిపోతుంది. ఇత్తడి, రాగి పాత్రలలో వండేటప్పుడు లోపల కళాయి చెడకుండా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. కళాయి లేని పాత్రలో పులుపు లోహంతో కలిసి పులుసును పాడుచేస్తుంది.

పోషక విలువలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల శనగపప్పులో గాని, కందిపప్పులో గాని సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మేకమాంసంలో ఇవి సుమారు 20 గ్రాములు. పై కొలతలలోని 300 గ్రాముల మాంసంలో ఎముక పోగా 200 గ్రాములు మిగిలిందనుకుంటే, దాని నుండి వచ్చే మాంసకృత్తులు దాదాపు 40 గ్రాములు. 200 గ్రాముల పప్పు నుండి వచ్చేవి సుమారు 43 గ్రాములు. అంటే మనిషికి 14 గ్రాముల వరకు దక్కే మాంసకృత్తులలో సగానికి పైగా పప్పు ఇచ్చినవే. ఈ విధంగా మాంసం ఖర్చు తగ్గినా ఆహారంలో బలం తగ్గదు.

పప్పులో తక్కువగా ఉండే మిథియొనీన్ అనే ఆమ్లాన్ని అన్నం, మాంసం భర్తీ చేస్తాయి. మాంసంతో కలిపి తిన్నప్పుడు పప్పులోని ఇనుము శరీరానికి మరింత బాగా పడుతుంది. సొరకాయలో అధికభాగం నీరే కనుక వంటకానికి పరిమాణం పెరుగుతుంది గాని కొవ్వు పెరగదు. నూనె, ఉప్పు మితిమీరితే మాత్రం ఈ ప్రయోజనం చాలవరకు పోతుంది. మూత్రపిండాల వ్యాధి, కీళ్లలో యూరిక్ ఆమ్లం సమస్య ఉన్నవారు వైద్యుని సలహా మేరకే తినాలి.

ఖీమా దాల్చా

పళ్ళు లేని వృద్ధులకు, పిల్లలకు మాంసం ముక్కలకు బదులుగా ఖీమా అనుకూలంగా ఉంటుంది. మేకమాంసం, కోడిమాంసం ఖీమాలే గాక, అమెరికాలోని దుకాణాలలో విరివిగా దొరికే టర్కీ కోడి ఖీమాతో కూడా దీనిని వండవచ్చు. చర్మం తీసిన రొమ్ముభాగపు ఖీమాలో కొవ్వు చాలా తక్కువ. ఖీమాను ఉండలు కట్టకుండా గరిటెతో విడదీస్తూ వేయించి, పావుగంట ఉడికిస్తే చాలును. ఇందులో ఎముకల సారం ఉండదు కనుక చిక్కదనం కోసం పప్పును బాగా మెదపాలి. సొరకాయతో పాటు క్యారెట్, బీన్స్, క్యాబేజీ చేర్చి, నీరు కొంత ఎక్కువ పోస్తే ఒక పూట భోజనానికి చాలిన సూపు అవుతుంది. కోడి, టర్కీ ఖీమాలలో గులాబీ రంగు కనిపించకపోవడమే ఉడికిందనడానికి చాలిన గుర్తు కాదు. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.

జాగ్రత్తలు

సొరకాయను గిన్నెలో వేయడానికి ముందు చిన్న పచ్చిముక్కను నాలుకపై పెట్టి రుచి చూడాలి. చేదుగా ఉంటే ముక్కను ఉమ్మివేసి, కాయను పూర్తిగా పారవేయాలి. కొన్ని కాయలలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఎక్కువగా ఉండడమే ఈ చేదుకు కారణం. ఇవి ఉడికించినా నశించవు. వీటివలన తీవ్రమైన వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు కలుగుతాయి, రక్తపోటు పడిపోతుంది. సొరకాయ రసం తాగినవారిలో మరణాలు కూడా సంభవించాయి. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం కూడా చేదు రసాన్ని తాగరాదని హెచ్చరించింది. దాల్చాలో పులుపు, కారం చేదును కొంత కప్పివేస్తాయి గనుక వండిన తరువాత కాక ముందే చూడడం అవసరం.

రెండవది, పెద్ద పాత్రలలో వండిన దాల్చా నిలువ విషయం. మాంసపు పులుసు పెద్ద పాత్రలో మెల్లగా చల్లారుతున్నప్పుడు, మరిగినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మళ్ళీ మొలకెత్తి పెరుగుతాయి. క్లాస్ట్రీడియమ్ పెర్‌ఫ్రింజెన్స్ వీటిలో ముఖ్యమైనది. కావున పులుసును సెగపై వేడిగా ఉంచే వడ్డించాలి. మిగిలినదానిని రెండు గంటల లోపల, ఎండకాలంలో గంట లోపల, లోతు తక్కువ గిన్నెలలోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మరునాడు తినేముందు బాగా మరిగించాలి. రాత్రంతా బయట ఉన్న దాల్చాను, వాసన బాగున్నా సరే, తినరాదు.

ఇవి కూడా చూడండి

* బగారా అన్నం
* హలీమ్
* సొరకాయ
* శనగపప్పు
* వరంగల్లు