చంద్రగ్రహణం – ఖిబ్లా దిశ: అల్ బీరూనీ పరిశీలనలు

నమాజుకు నిలబడే ప్రతి ముస్లింకూ ఖిబ్లా దిశ తెలియడం అవసరం. మక్కాకు దూరాన ఉన్న పట్టణంలో ఆ దిశను గణించాలంటే రెండు స్థలాల అక్షాంశాలతోపాటు, వాటి రేఖాంశాల మధ్య తేడా కూడా తెలియాలి. మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి అక్షాంశాన్ని ఉన్నచోటనే కనుగొనవచ్చు. రేఖాంశం అలాంటిది కాదు. రెండు ఊళ్ళ స్థానిక కాలాల్లో ఒక గంట తేడా ఉంటే, వాటి రేఖాంశాల తేడా 15 డిగ్రీలు. అయితే తంతి, టెలిఫోను లేని ఆ రోజుల్లో, మన ఊళ్ళో ఇంత రాత్రి గడచినపుడు దూరపు పట్టణంలో ఎంత గడచిందో తెలిసేదెట్లా?

దీనికి చంద్రగ్రహణం మార్గం చూపింది. సూర్యగ్రహణం ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క వేళకు, ఒక్కొక్క విధంగా కనిపిస్తుంది. చంద్రగ్రహణంలోనైతే భూమి నీడ నిజంగానే చంద్రునిపై పడుతుంది. అందుచేత చంద్రుడు కనిపించే ప్రతిచోటా అది ఒకే క్షణంలో మొదలవుతుంది. ఎవరి ఊళ్ళో వారు ఆ వేళను గుర్తించి, తరువాత లెక్కలు సరిచూసుకుంటే చాలు.

క్రీ.శ. 997 మే 24 రాత్రి (హిజ్రీ 387) ఇదే జరిగింది. ఖ్వారిజమ్‌లోని కాస్ పట్టణంలో సుమారు ఇరవైనాలుగేళ్ళ అల్ బీరూనీ, బగ్దాదులో వృద్ధ గణితవేత్త అబుల్ వఫా ముందుగా చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఒకే గ్రహణాన్ని పరిశీలించారు. రెండు చోట్ల కాలాల మధ్య సుమారు ఒక గంట తేడా తేలింది. నేటి కొలతల ప్రకారం ఆ తేడా గంటకు అయిదారు నిమిషాలు మాత్రమే ఎక్కువ. అబుల్ వఫా మరుసటి సంవత్సరమే మరణించాడు.

ఈ పద్ధతిలో చిక్కు లేకపోలేదు. చంద్రుని దూరంలో భూమి నీడ వెడల్పు చంద్రబింబానికి రెండున్నర రెట్లకు మించి ఉంటుందని టాలమీ కాలం నుంచే తెలుసు. కాని ఆ నీడకు పదునైన అంచు లేదు. దాని చుట్టూ పలుచని ఉపచ్ఛాయ ఉంటుంది. మొదటి మసకనే గ్రహణారంభమని ఒకరు భావిస్తే, అంచు స్పష్టంగా కోసినట్లు కనబడేదాకా మరొకరు ఆగుతారు. నాలుగు నిమిషాల పొరపాటు ఒక డిగ్రీ పొరపాటవుతుంది. కనుక ఆరంభమే గాక పూర్ణగ్రాసం, విడుపు, ముగింపు వేళలను కూడా గుర్తించి పోల్చుకోవడం మేలు.

ఆనాటి గడియారం నక్షత్రాలే. 1019 సెప్టెంబరు 17న గజనీలో చంద్రగ్రహణం పట్టినపుడు, బింబపు అంచున కోత కనబడిన వేళకు బ్రహ్మహృదయ నక్షత్రం తూర్పు దిక్కున 66 డిగ్రీలకు కొంచెం తక్కువ ఎత్తులో ఉన్నదని బీరూనీ నమోదు చేశాడు. లుబ్ధకం, రోహిణి మొదలైన తారల ఎత్తులనూ వ్రాసిపెట్టాడు. ఒక కొలత తప్పినా మిగిలినవాటితో సరిదిద్దుకోవచ్చునన్నమాట. గజనీ ఖిబ్లా దిశను నిర్ణయించడానికి ఆయన వ్రాసిన 'తహ్‌దీద్' గ్రంథం 1025లో పూర్తయింది. అందులో గ్రహణాలపైనే ఆధారపడక, బిడారుల దారుల దూరాలను, పట్టణాల అక్షాంశాలను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ఆరాధనకు సంబంధించిన విషయంలో ఒకే సాక్ష్యంతో తృప్తిపడకపోవడం గమనార్హం.

ఆయన మరో మహాగ్రంథం 'అల్ ఖానూన్ అల్ మస్ఊదీ'ని మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1954–56లో ప్రచురించింది. ఆనాటి ముస్లిం పరిశీలకులు వ్రాసిపెట్టిన గ్రహణవేళలను ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రజ్ఞులు భూభ్రమణం క్రమేణా మందగిస్తున్న తీరును లెక్కించడానికి వినియోగించారు. అది ఆ పరిశీలకులు ఊహించని ప్రయోజనం. వారు చేసినదల్లా చూచినదానిని చూచినట్లు, వేళతో సహా వ్రాసిపెట్టడమే. ఆ నిజాయితీయే ఒకనాడు ఖిబ్లాకు దారి చూపింది. వెయ్యేళ్ళ తరువాత భూమి నడకనే కొలిచింది.