ఆకాశానికెక్కిన ఆముదం

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనలో ఒక సామెత ఉన్నది. సామెత చెప్పినవారి ఉద్దేశం వేళాకోళమే కావచ్చును గాని, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఎర్ర చెలకలను ఎరిగినవారికి అందులో కొంత నిజం కూడా కనిపించును. చెరువు నీరు అందని చోట, వాన కొన్నాళ్లు ముఖం చాటువేసినా తట్టుకొని నిలిచే పంట ఆముదం. ఒకప్పుడు ఇంటిలో దీపానికీ, తలకూ, బండి ఇరుసుకూ, పిల్లల కడుపు శుద్ధికీ అదే ఆధారం. అటువంటి ఆముదం ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో మానవుని ఆకాశయానానికి కూడా ఆధారమైనది. ఆ వృత్తాంతం తెలియవలెనంటే ముందుగా ఇంజను వేడిని గురించి కొంత చెప్పుకోవలెను.

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో ఆనాటి ఇంజను పనిగా మార్చుకోగలిగినది నాలుగవ వంతుకు మించదు. మిగిలినదానిలో కొంత పొగతో పోవును. కొంత ఇంజను లోహానికి పట్టును. పట్టిన వేడిని వెంటవెంటనే తీసివేయకపోతే నూనె మాడును, పిస్టను ఉబ్బి సిలిండరులో బిగుసుకొనును, ఇంజను ఆగిపోవును. కారు ఆగితే చెట్టు నీడన నిలిపి చల్లార్చుకోవచ్చును. ఆకాశంలో ఆ వసతి లేదు.

1903లో రైటు సోదరులు తమ చేతులతో నిర్మించుకొన్న విమానంలో ఇంజనును నీటితో చల్లబరచినారు. నీరు, నీటి గొట్టాలు, రేడియేటరు అన్నీ బరువే. 1909 జూలై 25న ఇంగ్లీషు ఛానలును దాటిన బ్లేరియో విమానంలో ఉన్నది 25 అశ్వశక్తి గల ఆంజానీ ఇంజను. దానిని గాలియే చల్లబరచవలెను. ఆనాటి ప్రయాణం అరగంట దాటి కొద్ది నిమిషాలు మాత్రమే. అంతకు మించి చాలాసేపు ఆ ఇంజనును నమ్ముకొనుట కష్టం. నీరు పెట్టితే బరువు, పెట్టకపోతే వేడి: ఇదీ నాటి విమాన నిర్మాతల సంకటం.

దీనికి ఫ్రాన్సులో సెగాఁ సోదరులు విచిత్రమైన ఉపాయం కనిపెట్టినారు. గాలి వచ్చి సిలిండర్లకు తగులునని ఎదురుచూచుట ఎందుకు, సిలిండర్లనే గాలిలో తిప్పితే సరిపోదా అన్నారు. వారి నోమ్ ఇంజనులో క్రాంకు ఇరుసును విమానానికి కదలకుండ బిగించినారు. దాని చుట్టూ చక్రపు ఆకులవలె అమర్చిన ఏడు సిలిండర్లు, వాటితోపాటు పంకా, నిమిషానికి సుమారు 1200 చుట్లు తిరిగేవి. విసనకర్రతో విసరుకొనుటకు బదులు మనిషే గిరగిర తిరిగినట్లు! ఇంజను బరువు 75 కిలోలు. శక్తి 50 అశ్వశక్తి. 1909 ఆగస్టులో రైమ్స్ నగరం దగ్గర జరిగిన పోటీలో హెన్రీ ఫార్మన్ ఈ ఇంజనుతో మూడు గంటలకు పైగా ఎగిరి సుమారు 180 కిలోమీటర్లు చుట్టినాడు.

ఇక్కడనే ఆముదం ప్రవేశించినది. ఈ ఇంజనులో పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి క్రాంకు పెట్టెలోనుండియే సిలిండర్లకు పోవలెను. అక్కడ మామూలు ఖనిజపు నూనె పోస్తే పెట్రోలు దానిని కరిగించి కడిగివేయును. ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు. కాగిన లోహాన్ని కూడా అంటిపెట్టుకొని ఉండును. లోపల జారుడు కలిగించి, కొంత వేడిని కూడా తనతో బయటికి మోసుకొని పోయేది. అయితే పోయిన నూనె తిరిగి రాదు. తిరుగుతున్న సిలిండర్లు దానిని పొగతోపాటు వెదజల్లేవి. వెనుక కూర్చున్న వైమానికుని కళ్లద్దాలూ ముఖమూ ఆముదమయం. ఆముదం తాగిన ముఖమని మనం మాటవరుసకు అనేది వారికి అక్షరాలా వర్తించినది.

1914లో మహాయుద్ధం రాగానే ఇరుపక్షాల విమానాలలోనూ రోటరీ ఇంజనులు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. ఆముదం యుద్ధసామగ్రి అయినది. అప్పటి ప్రపంచంలో ఆముదపు గింజకు పెద్ద పుట్టినిల్లు భారతదేశం; మన దేశంలో ఈ పంటకు పేరుపడిన చోట్లలో హైదరాబాదు సంస్థానం ఒకటి; సంస్థానంలో నల్లగొండ, పాలమూరు చెలకలు దానికి అనువైన నేలలు. అమెరికా ప్రభుత్వం యుద్ధంలో దిగిన పిమ్మట ఆసియానుండి గింజలు తెప్పించి, లక్ష ఎకరాలకు పైగా విత్తుటకు పూనుకొన్నది. ఇటు సముద్ర దిగ్బంధంలో చిక్కిన జర్మనీకి ఆముదం కరువైనది. బదులు నూనెలు పోసినారు. 1918 వేసవిలో వారి రోటరీ ఇంజనులు కాగి చెడిపోవుటకు ఆ నూనెలు ఒక ముఖ్య కారణమైనవి. ఇంజను తయారుచేయు నేర్పు వారికి కొరవడలేదు. కొరవడినది పేదనేల పండించే ఒక గింజ.

అదే యుద్ధంలో హైదరాబాదు పేరు మరొక విధంగా ఆకాశానికెక్కినది. నిజాం విరాళమిచ్చిన బ్రిటిషు వాయుసేన 110వ దళానికి హైదరాబాదు దళమని పేరు వచ్చినది. కాని 1918లో ఆ దళం నడిపిన డి.హెచ్.9ఏ విమానాల లిబర్టీ ఇంజను రోటరీ కాదు, నీటితో చల్లబడునది. రాబోవు మార్పుకు అది సూచన. రోటరీ ఇంజను పెద్దదైన కొద్దీ, తిరుగుటకే శక్తి వ్యయమయ్యేది. సిలిండరు ముందువైపు చల్లగా, వెనుకవైపు వేడిగా ఉండి ఆకారం చెడేది. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్‌ను ముప్పదిమూడున్నర గంటలలో దాటినప్పుడు ఆయన ఇంజను సిలిండర్లు కదలకుండ నిలిచి, గాలితోనే చల్లబడినవి. మంచి లోహం, మంచి రెక్కలు, గాలికి సరియైన దారి ఉంటే తిరగనక్కరలేదని తేలిపోయినది.

రోటరీ అనే పేరు మాత్రం మరల వచ్చినది. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఇంజను 1957లో తొలిసారి నడిచినది. ఇందులో సిలిండర్లు తిరగవు. నడుము నొక్కిన కోడిగ్రుడ్డు ఆకారపు గదిలో మూడు మూలల రోటరు తిరుగును. మన దేశంలోను 2009లో నిశాంత్ అనే మానవరహిత విమానాన్ని స్వదేశీ వాంకెల్ ఇంజనుతో కోలారు సమీపంలో ఎగురవేసి పరీక్షించినారు. సొంతంగా విమానాలు నిర్మించుకొనే విదేశీయులు కొందరు మాజ్దా కార్ల రోటరీ ఇంజనును తమ విమానాలకు బిగించుకొన్నారు. వారికి పాత సమస్యయే ఎదురైనది. గదిలో మంట ఎప్పుడూ ఒకే ప్రక్కన మండును గనుక వేడి అక్కడనే పోగుపడును. గది గోడలను నీరు, రోటరును నూనె చల్లబరచవలెను. కాబట్టి రెండు రేడియేటర్లు, రెంటికీ గాలి కావలెను.

గాలి వచ్చే దారిని పెద్దది చేసి, పోయే దారిని మరచినవారు కష్టపడినారు. ఒకే కిటికీ గల గదిలో ఎంత గాలి వీచినా ఉక్క తీరదు. ఎదుట మరొక కిటికీ ఉండవలెను. విమానపు ముక్కులోను అంతే. చిన్న నోటితో మొదలై క్రమంగా వెడల్పైన గొట్టంలో గాలి నెమ్మదించి, ఒత్తిడి పుంజుకొని, రేడియేటరు గుండా పోయి, వెనుక చాలినంత దారిన బయటపడవలెను.

మన వేసవిలో ఇది ఇంకను కఠినం. నీరు 95 డిగ్రీలలో ఉన్నప్పుడు బయట 15 డిగ్రీలైతే రెంటి మధ్య తేడా 80. మన ప్రాంతపు మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలైతే తేడా 50 మాత్రమే. పైగా ఆ వేడికి గాలి సాంద్రత పదవ వంతు మేర తగ్గును. చలిదేశంలో చాలిన రేడియేటరు ఇక్కడ చాలదు. పూర్తి శక్తితో, తక్కువ వేగంతో పైకి ఎక్కుతున్న వేళనే దాని కొరత బయటపడును. ఆ వేళ కింద నేల బహు దగ్గర.

నేడు ఆముదం సాగులో గుజరాత్ ముందున్నది. మన చెలకలలో చాలాభాగం ప్రత్తి ఆక్రమించినది. అయినను పాలెం పరిశోధనా కేంద్రం ఆముదపు వంగడాలను తీర్చిదిద్దిన చోటు. ఆ గింజలోని ఆమ్లంతో చేసిన గ్రీజు వాహనాల బేరింగులలో నేటికీ ఉన్నది. పాత నోమ్ వంటి ఇంజనులను ముచ్చటపడి నడిపేవారు నేటికీ ఆముదమే పోయుదురు. బండి ఇరుసునుండి విమానపు ఇరుసువరకు వెళ్లిన ఆ నూనెను పండించిన రైతుకు, తన చెలకకూ మేఘాలకూ గల సంబంధం వాన ఒక్కటే కాదని తెలిసియుండదు. ఆ మాట ఈనాడైనను మనం చెప్పుకొనుట న్యాయం.