మట్టి బురుజు, కనరాని గాయము

కోల్‌కతా నగరమునకు నైరుతి దిక్కున, హుగ్లీ తీరమున మెటియాబ్రుజ్ కలదు. ఆ పేరునకు అర్థము మట్టి బురుజు. రాజ్యము గోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తాకు వచ్చి, ఇచ్చట రెండవ లక్నోను నెలకొల్పిన కథ లోకవిదితము. పేరులోని బురుజును తలచువారు మాత్రము అరుదు. ఫిరంగిగుండు తాకిన రాతిగోడ పగులును; మట్టిగోడ గుండును తనలో ఇముడ్చుకొనును. గుండు తగులనివాడు క్షేమముగా నున్నట్లే యని నాటి యోధుల నమ్మకము.

1914లో ఫ్రాన్సునకు తరలిన లాహోరు, మీరటు డివిజనుల భారత సైనికులును మట్టినే నమ్ముకొని కందకములలో నిలిచిరి. కాని కాలము మారినది. దాపున గుండు ప్రేలినపుడు గాలి ఒక్కుమ్మడి ఒత్తుకొని అలవలె వచ్చి దేహమును తాకెడిది. ఒంటిపై గాయము లేనివారికిని వణకు, మరపు, మూగతనము కలిగెడివి. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు ఈ స్థితిని గూర్చి 'షెల్ షాక్' అను పేరుతో వ్యాసము ప్రకటించెను. ఫ్రెడరిక్ మాట్ మృతుల మెదళ్ళను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. అయినను, అది పిరికితనమేమో యను అనుమానము తొలగలేదు. 1917లో బ్రిటిష్ సైన్యము ఆ పేరు వాడుకను కట్టడి చేసినది. 1922లో విచారణసంఘము దానిని విడిచిపెట్టుమన్నది. పలాయనము, పిరికితనము మున్నగు నేరములకు ఆ యుద్ధకాలమున కాల్చివేయబడిన 306 మందికి 2006లోగాని క్షమాభిక్ష లభింపలేదు.

1943 డిసెంబరు 5న జపాను విమానములు మెటియాబ్రుజ్ పొరుగుననున్న ఖిదిర్‌పూరు రేవుపై బాంబులు కురిపించినవి. అట్టి శత్రుఘాతమును లోకము ఎరుగును. సైనికుడు తన ఫిరంగి ప్రక్కనే నిలిచి, శిక్షణలో దినదినము సహించు ప్రేలుడును లెక్కించినవారు లేరు. ఒక్కొక్క దెబ్బ స్వల్పమే కావచ్చును. పదేపదే తగిలినచో మెదడునకు హాని కలుగవచ్చునని నేటి వైద్యుల భయము. 2016లో డేనియల్ పెర్ల్ బృందము, ప్రేలుళ్ళకు గురియైన సైనికుల మెదళ్ళలో రక్తనాళముల చుట్టును, పొరల సంధులయందును ప్రత్యేకమైన మచ్చలను కనుగొన్నది.

శిరస్త్రాణము తూటాను, శకలమును అడ్డుటకు పుట్టినది. పీడనతరంగమును పూర్తిగా ఆపజాలదు. కనుక రక్షణ వేరు మార్గమున రావలెను: ఫిరంగికి తగిన దూరము, దినమునకు ప్రేల్పుల పరిమితి, పీడనమును కొలుచు పరికరము, కొలువులో చేరిననాడే జ్ఞాపకశక్తి పరీక్ష. 2024లో అమెరికా రక్షణశాఖ చదరపు అంగుళమునకు 4 పౌనుల పీడనమును హద్దుగా నిర్ణయించి, అది దాటుచోట జాగ్రత్తలు విధించినది.

మెటియాబ్రుజ్ చెంతనే, గార్డెన్ రీచ్‌లో నేడును యుద్ధనౌకలు తయారగుచున్నవి. వాటి ఫిరంగులయొద్ద నిలుచు యువకుని నాడు మట్టి కాచినట్లు నేడు కాచునది, అతడు సహించిన ప్రతి ప్రేలుడును వ్రాసియుంచు లెక్కయే.