గ్రెయిన్

ప్రాక్టికల్ షూటింగ్ పోటీకి పిస్తోలు ఎంచుకునేవాళ్ల మాటల్లో గ్రాము వినపడదు. తూటా బరువు చెప్పాలంటే గ్రెయినే. లాటిన్‌లో గ్రానుమ్ అంటే గింజ. ఇంగ్లండులో బార్లీ గింజ బరువుగా మొదలైన ఈ కొలత ఇప్పుడు 64.8 మిల్లీగ్రాముల దగ్గర స్థిరపడింది. పౌండుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ దీనికి దాదాపు రెండింతలు.

ఈ గింజ లెక్క పోటీలో పెద్దపెత్తనమే చేస్తుంది. ఈ పోటీలు నడిపే అంతర్జాతీయ సంస్థ, 1976లో పుట్టిన ఐపీఎస్‌సీ, నిబంధనల్లో 'పవర్ ఫ్యాక్టర్' అని ఒకటుంది. తూటా బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, హెచ్చించి, వెయ్యితో భాగిస్తారు. 124 గ్రెయిన్ల తూటా 1050 అడుగుల వేగంతో వెళ్తే 130.2. తక్కువ శక్తి వర్గమైన 'మైనర్'కు కనీసం 125 కావాలి కనుక గట్టెక్కినట్టే. పోటీలో యంత్రం పెట్టి మరీ కొలుస్తారు. 125 కంటే తగ్గితే ఎంత బాగా కాల్చినా స్కోరు సున్నా.

అందుకే 9 ఎంఎం పిస్తోలు వాడేవాళ్లలో చాలామంది 147 గ్రెయిన్లవైపు మొగ్గుతారు. బరువు పెరిగింది కాబట్టి 900 అడుగుల వేగమే సరిపోతుంది, చేతికి తగిలే తన్ను మెత్తగా ఉంటుంది. అయితే తూటా మార్చి ఊరుకుంటే కుదరదు. తన్ను తక్కువైన తూటాకు, స్లైడును తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగు మరీ బిగువైతే స్లైడు పూర్తిగా వెనక్కి రాదు, తూటా ఖాళీ గుల్ల ఇరుక్కుంటుంది. ఖరీదైన ట్రిగ్గర్ కొనేముందు నాలుగు రకాల స్ప్రింగులు మార్చి చూడటం మేలని నా అభిప్రాయం.