సైకిలు సరంజామా

మునిమాపువేళ బజారు వీథిలో ఒక సైకిలు మన ప్రక్కనుండి సాగిపోవును. ముందు దీపము, బొటనవ్రేలికందు గంట, వెనుక చక్రముపై మడ్‌గార్డు, దానిమీద క్యారియరు, క్యారియరునకు కట్టిన బియ్యపు సంచి. ఇవన్నియు సైకిలుతోపాటు పుట్టినవే యని మనము తలంతుము. నిజమునకు వీటిలో పెక్కు మొదటి సైకిలునకు లేవు. ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క ఇబ్బందికి సమాధానముగా వచ్చి చేరినది. ఆ ఇబ్బందిని తీర్చు బాధ్యత ఎవరిదను ప్రశ్న మాత్రము నేటికిని ముగియలేదు. ఆ కథనే నేడు కొంత మనవి చేయదలచితిమి.

1817లో జర్మనీలోని మన్‌హైము పట్టణమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను నతడు రెండు చక్రముల కొయ్యబండి నొకదానిని నడిపించెను. దానికి పెడళ్ళు లేవు. ఎక్కినవాడు నేలను కాళ్ళతో తన్నుకొనుచు పోవలెను. 1860 తరువాత పారిసులో ముందు చక్రమునకు పెడళ్ళు వచ్చినవి. వేగము పెంచుటకై ఆ చక్రమును పెద్దది చేయుచు పోగా, పడినవాడు తలక్రిందులుగా పడు ఎత్తైన సైకిలు తయారైనది. తుదకు 1885లో ఇంగ్లండునందలి కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ, గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు ‘రోవర్’ సైకిలును వెలువరించెను. నేటి మన సైకిలునకు మూలరూపము అదియే.

ఎక్కినవాని సుఖమునకై వచ్చిన వస్తువుల కథ సులభము. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి టైరు అమర్చెను. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే అట్టి టైరునకు పేటెంటు పొందియుండుటచే డన్లప్ పేటెంటు చెల్లలేదు. కాని టైరు మాత్రము లోకమంతట చెల్లినది. టైరు వచ్చెను గనుక పంపు వచ్చెను. పంక్చరు వచ్చెను గనుక జిగురు, రబ్బరు ముక్కలు గల డబ్బా వచ్చెను. స్త్రీలు సైకిలెక్కసాగిన పిమ్మట వారి దుస్తులు చువ్వలలో చిక్కకుండ వెనుక చక్రమునకు వల అల్లిరి. మన దేశమున అదియే చీరగార్డు అయినది.

దీపము, గంటల కథ వేరు. అవి ఎక్కినవాని కొరకే కాక ఎదుటివాని కొరకు వచ్చినవి. 1870 దశకపు చివరినాటికి బర్మింగుహాములో జోసెఫ్ లూకాస్ వంటివారు నూనె దీపములు చేసి యమ్ముచుండిరి. ఎత్తు సైకిళ్ళ కాలమున ఆ దీపమును చువ్వల నడుమ ఇరుసునకే వ్రేలాడదీసెడివారు. 1890 దశకము చివర కార్బైడు దీపము వచ్చినది. పై అరలోని నీరు బొట్టుబొట్టుగా క్రింది అరలోని కాల్షియం కార్బైడుపై పడగా ఎసిటిలీను వాయువు పుట్టి తెల్లగా వెలుగును. ఆపైన టైరు నానుకొని తిరుగు డైనమో వచ్చినది. దీనికి నూనె అక్కరలేదు. కాని సైకిలు ఆగినచో దీపమును ఆరును.

1888లో బ్రిటిషు పార్లమెంటు చేసిన స్థానిక పరిపాలన చట్టము సైకిలును బండిగా గుర్తించినది. రోడ్డుపై సమాన హక్కుతోపాటు బాధ్యతయు వచ్చినది: రాత్రివేళ దీపముండవలెను, ముందుపోవువారిని దాటునపుడు గంటయో, ఈలయో వినిపించవలెను. దీపము దారి చూచుకొనుటకే కాదు, సైకిలు వచ్చుచున్నదని ఇతరులకు తెలుపుటకు గూడ నని ఆ చట్టపు భావము.

మోటారు కార్లు పెరిగిన పిమ్మట వెనుక దీపమును గూర్చి పెద్ద వివాదము చెలరేగెను. సైకిలువాడు ఎఱ్ఱదీపము పెట్టుకొనవలెనని కొందరనిరి. తన ముందున్నదానిని చూచుకొని నడపుట మోటారువాని విధి యనియు, దీపము ఆరినంతమాత్రమున దోషము చచ్చినవానిమీదికి నెట్టబడుననియు సైకిలు సంఘమువారు వాదించిరి. 1927 నాటి చట్టము ఎఱ్ఱదీపమో, వెలుగును తిప్పికొట్టు ఎఱ్ఱబిళ్ళయో ఉండవలెనని మధ్యేమార్గము చూపెను. 1934లో వెనుక మడ్‌గార్డుపై తెల్లరంగు పట్టీయు చేరినది. 1939లో యుద్ధము వచ్చి వీథి దీపములన్నియు ఆర్పివేయగా, వెనుక దీపము తప్పనిసరి యయ్యెను. మా మట్టుకు, ఆ వాదమున న్యాయము లేకపోలేదని తోచును. అయినను, న్యాయము మనవైపున్నంతమాత్రమున ప్రాణము దక్కదు.

మన ఆంధ్రదేశపు పట్టణములలోను ఒకప్పుడు దీపము లేకుండ పోవుట, ఇద్దరెక్కుట పోలీసులు పట్టుకొను నేరములు. “గాలికి ఇప్పుడే ఆరిపోయినదండీ” అని బతిమాలుకొన్నవారు పెద్దలలో ఎందరో కలరు. భయపడినది చీకటికి కాదు, జరిమానాకు! సైకిళ్ళకమర్చు ప్రతిఫలన పరికరములు నిర్ణీత ప్రమాణములకు లోబడి యుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2020లో ఉత్తర్వు చేసినది.

కావున సామాను కొనువారు మొదట ఇతరులకు మనలను తెలుపు వస్తువులను, పిదప సుఖమునకైన వానిని ఎంచుకొనుట మేలు. గంట, బ్రేకుపట్టు విడువకయే బొటనవ్రేలికి అందవలెను. దీపపు వెలుగు ఎదుటివాని కన్నులలో గాక నేలపై పడునట్లు వంచవలెను. డైనమో వంకరగా బిగించినచో టైరు అరిగిపోవును. దాని నడిమి గీత చక్రపు ఇరుసువైపు చూచునట్లు బిగించవలెను. క్యారియరు కాళ్ళను ఇరుసు దగ్గరనే గట్టిగా బిగించి, నట్లను అప్పుడప్పుడు సరిచూడవలెను.

ఇక, మొదట చెప్పిన బియ్యపు సంచి సంగతి. అది వెనుకకు జారి వ్రేలాడి, ఎఱ్ఱబిళ్ళను కప్పివేయుచున్నదేమో చూడుడు. నూరేండ్ల వాదములతో సంపాదించుకొన్న ఆ చిన్న వెలుగును ఒక్క సంచి మరుగుపరచగలదు. సంచిని నాలుగంగుళములు పైకి కట్టుటకు ఖర్చేమియు లేదు.